పదకొండు రివిట్లు ఎందుకు చెడ్డాయి: కారు షెడ్డులో విమానం కడుతున్నవాళ్ళ గోడు

మా బావ విశాఖ స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తాడు. పెందుర్తి దగ్గర వాళ్ళ ఇంటి పక్కనున్న కారు షెడ్డులో కారు ఉండదు, అది ఎండకీ వానకీ వీధిలోనే పడుంటుంది. షెడ్డులో ఉండేది విమానం తోక. అమెరికా నుంచి చెక్కపెట్టెలో వచ్చిన కిట్టు, రెండు సీట్ల అల్యూమినియం విమానానిది, అందులో మొదటి విడతగా తోక ఒక్కటే వచ్చింది. రెక్కలూ మిగతా ఒళ్ళూ డబ్బు చేతిలో ఆడినప్పుడల్లా తెప్పించుకోవాలి. ఇలా చెబితే చాలామంది నవ్వేస్తారు గానీ, ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ అపార్ట్‌మెంట్ మేడ మీదే ఆరు సీట్ల విమానం కట్టి 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ అనుమతులూ తనిఖీలూ వేరే పెద్ద తతంగం, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను. ఇక్కడ రాసేదంతా రివిట్ల గురించే, అంటే రేకుల్ని కలిపి పట్టే చిన్న లోహపు మేకుల గురించే.

ఎందుకంటే పోయిన వానాకాలంలో ఒక ఆదివారం నేనూ బావా కలిసి తోకలో నిలువుగా నిలబడే రెక్క వెనక దూలానికి అరవై పైచిలుకు రివిట్లు కొట్టాం. మర్నాడు పొద్దున టార్చిలైటు వేసి చూస్తే అందులో 11 బాగోలేవు. నాలుగు పక్కకి ఒరిగిపోయాయి, మూడు సరిగ్గా అణగలేదు, రెండు మరీ బిళ్ళల్లా అయిపోయాయి, ఇంకో రెండు చూడ్డానికి చక్కగానే ఉన్నాయిగానీ వాటి దగ్గర రెండు రేకుల మధ్య సన్నటి చీకటి గీత కనబడుతోంది. బావ వెంటనే తేల్చేశాడు, "రివిట్లు కొట్టే గన్ను బాగోలేదు, కొత్తది తెప్పిద్దాం" అని.

మావయ్య, అంటే బావ వాళ్ళ నాన్న, నేవల్ డాక్‌యార్డులో షీట్‌మెటల్ పని చేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, దూలం ముందు గొంతుక్కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఒక్కో రివిట్టునీ బొటనవేలి గోటితో తడిమి చూశారు. "గన్నుదేటిరా తప్పు? మీరు గన్ను పట్టుకోకముందే చెడిపోనాయివి" అన్నారు. అప్పుడు మాకు కోపం వచ్చిందిగానీ, తరవాత ఒక్కోటీ విప్పి చూసుకుంటూ వెళితే 11లో ఎనిమిదింటి విషయంలో ఆయన మాటే నిజమైంది.

అది అర్థం కావాలంటే ముందు రివిట్టు ఎలా పట్టుకుంటుందో చూడాలి. బాణలి చెవికి ఉండేది కూడా రివిట్టే, కాబట్టి వస్తువు మనకి కొత్తది కాదు. పాతకాలం ఓడలకి వేసిన ఉక్కు రివిట్లని ఎర్రగా కాల్చి కొట్టేవాళ్ళు, అవి చల్లారాక కుంచించుకుని ప్లేట్లని బిగబట్టేవి. విమానం రివిట్టుకి ఆ వేడి సాయం లేదు, దాన్ని చల్లగా ఉండగానే కొడతారు. అది పనిచేసేది ఉబ్బడం వల్ల. ఒక వైపు ఫ్యాక్టరీలో చేసిన తల ఉంటుంది, దాని మీద గాలి గన్ను పెట్టి కొడుతుంటే రెండో వైపు రివిట్టు తోక చివర బరువైన ఉక్కు దిమ్మ ఆనించి పట్టుకుంటారు. మన ఐటీఐల్లో దాన్ని డాలీ అంటారు, కిట్టు పుస్తకంలో బకింగ్ బార్ అని ఉంటుంది. గన్ను దెబ్బకీ దిమ్మ బరువుకీ మధ్య నలిగి తోక పొట్టిగా లావుగా అవుతుంది. ముందు కన్నం నిండుతుంది, మిగిలిన లోహం బయట కొత్త తలగా మారుతుంది. గొడవంతా ఆ "ముందు కన్నం నిండుతుంది" అన్న దగ్గరే.

లెక్క చిన్నదే. రేకులు దాటి బయటికి వచ్చిన తోక పొడుగు రివిట్టు మందానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. కొట్టాక కొత్త తల వెడల్పు కూడా మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం రావాలి. దూలానికి వాడింది 1/8 అంగుళం రివిట్టు, అంటే 3.2 మిల్లీమీటర్లు, కాబట్టి తల 4.8 వెడల్పు, 1.6 ఎత్తు ఉండాలి. ఇప్పుడు ఒక సరదా సంగతి. తోకలో ఉన్న లోహమంతా తలలోకే వెళ్తే ఎత్తు సగం కాదు, మూడింట రెండొంతులు రావాలి. ఆ తేడా లోహం ఎటు పోయింది? కన్నంలోకి. రివిట్టుకీ కన్నం గోడకీ మధ్య ఉన్న సందు నింపడానికి ఆ కాస్త లోహాన్ని లెక్కలోనే వదిలిపెట్టారన్నమాట.

ఒరిగిపోయిన నాలుగింటి గుట్టు ఇక్కడే దొరికింది. 1/8 రివిట్టుకి 30 నంబరు డ్రిల్ బిట్టు వాడాలి, దాని మందం 3.26 మిల్లీమీటర్లు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ బిట్టు విరిగింది. నంబర్ల లెక్కన అమ్మే బిట్లు మన బజారులో అడగ్గానే దొరికే సరుకు కాదు, మిల్లీమీటర్ల లెక్కవే దొరుకుతాయి. బావ ఇంట్లో ఉన్న మూడున్నర బిట్టుతో మిగిలిన నాలుగు కన్నాలూ వేసేశాడు, నాకు చెప్పకుండా. పావు మిల్లీమీటరు తేడాకి ఏమవుతుందిలే అనుకున్నాడట. ఆ పావు మిల్లీమీటరుతో కన్నంలో నింపాల్సిన సందు దాదాపు నాలుగు రెట్లు అయింది. వదులు కన్నంలో రివిట్టు నిటారుగా నిలబడదు, మొదటి దెబ్బకే లోపల కాస్త వంగుతుంది, ఒకసారి వంగాక తరవాతి ప్రతి దెబ్బా దాన్ని అదే వైపు తోస్తుంది. బయట మనకి కనబడేది ఒరిగిన తల. చూసినవాడెవడైనా "డాలీ వంకరగా పట్టావు" అంటాడు, నన్ను అన్నారు కూడా. డాలీ వంకరగా పట్టినా రివిట్టు ఒరుగుతుంది, తోక మరీ పొడుగైనా ఒరుగుతుంది, అది నిజమే. కానీ వరసలో పక్కపక్కనే ఉన్న నాలుగు ఒరిగి, అటూ ఇటూ ఉన్నవి నిటారుగా ఉంటే, చేతిని అనుమానించే ముందు కన్నాన్ని కొలవాలి.

పొడుగు సంగతికొస్తే, దాని పేరులోనే చిన్న తికమక ఉంది, చాలామంది అక్కడ పడతారు. రివిట్టు సంచి మీద ఏఎన్470ఏడీ4-5 అని ఉంటే, 4 అంటే అంగుళంలో 32 భాగాలు చేస్తే 4, అది మందం, 5 అంటే 16 భాగాలు చేస్తే 5, అది పొడుగు. ఏడీ అంటే 2117 అనే మిశ్రమం, తల మధ్యలో సూదితో పొడిచినట్టు చిన్న గుంట ఉంటుంది, గుర్తుపట్టడానికి. గుంట లేని సాదా రకం మెత్తటి అల్యూమినియం, రెండూ ఒకే డబ్బాలో కలిసిపోతే మాత్రం కళ్ళు పోయేదాకా ఏరుకోవాలి. 2024 మిశ్రమంతో చేసే గట్టి రకం ఒకటుంది, దాన్ని వేడిచేసి చల్లార్చాక మళ్ళీ గట్టిపడిపోకుండా వాడేదాకా ఫ్రీజర్లో పెట్టాలి. ఆ రకం మా కిట్టులో లేదు, ఉండుంటే చేపల పక్కన రివిట్లు పెట్టడానికి మా అత్త ఒప్పుకునేది కాదు. తికమక ఏంటంటే, ఉబ్బు తల ఉన్న 470 రకానికి పొడుగు తల కిందనుంచి కొలుస్తారు, రేకులో కలిసిపోయే చదునైన 426 రకానికి తల పైనుంచి కొలుస్తారు, ఎందుకంటే ఆ తల రేకు లోపలే ఉంటుంది. ఉదాహరణకి 0.025 అంగుళాల పైరేకు, కింద రెక్క లోపల ఆకారాన్ని నిలబెట్టే 0.032 పక్కటెముక ఉన్నాయనుకోండి. రెండూ కలిపి 1.45 మిల్లీమీటర్లు. 3/32 రివిట్టుకి ఒకటిన్నర రెట్లంటే 3.57. మొత్తం 5.02 కావాలి. 3 నంబరు పొడుగు 4.76, మూడున్నర నంబరుది 5.56. కచ్చితంగా సరిపోయేది ప్రపంచంలో లేదు! ప్లాను ఏది చెబితే అది వేసి, నమూనా ముక్కల మీద రెండు మూడు కొట్టి కొలుచుకోవడమే. మేం నమూనా ముక్కల్ని మొదటివారం సరదాకి వాడేసి తరవాత మర్చిపోయాం.

సరిగ్గా అణగని మూడు రివిట్లూ అన్నిటికంటే తేలిక. ఒక్క ఆ మూడిట్లోనే తప్పు కొట్టడంలో జరిగింది, అది కూడా సగమే. కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు. మన ఊరి గాలి సంగతి తెలిసిందేగా, వానాకాలంలో ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది. ఆ గాలినే కంప్రెసర్ పీల్చి నొక్కితే రెండు గంటల్లో ట్యాంకు అడుగున చెంబెడు నీళ్ళు. ఆ తడి గొట్టంలోంచి గన్నులోకి వెళ్ళి లోపలి పిస్టన్ని బరువెక్కిస్తుంది, దెబ్బ బలం తగ్గుతుంది. గంటకోసారి అడుగు మర తిప్పి నీళ్ళు వదిలి, గన్నులో రెండు చుక్కలు నూనె వేస్తే పోయేది. మళ్ళీ కొడితే మూడూ కొలతకి వచ్చేశాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది: అల్యూమినియం దెబ్బలు తింటున్నకొద్దీ గట్టిపడుతుంది. భయంభయంగా టకటక చిన్న దెబ్బలు ముప్పై కొట్టే కంటే రెండు సెకన్లలో పని పూర్తిచేసే గట్టి దెబ్బలే నయం, లేకపోతే తల అంచు పగుళ్ళు తీస్తుంది. మళ్ళీ కొట్టడం ఒక్కసారికే మంచిది.

గాలి ఒత్తిడి ఎంత పెట్టాలని అందరూ అడుగుతారు. మా గన్నుకి 3/32 రివిట్లకి 35 పీఎస్ఐ, 1/8 వాటికి 45 దగ్గర్లో కుదిరింది, ఆ అంకెల్ని పట్టుకుని మీరు కూర్చోకండి, గొట్టం పొడుగు మారితే అదీ మారుతుంది.

మధ్యలో చీకటి గీత ఉన్న రెండూ నాకు నిజంగా భయం పుట్టించాయి. పైకి తల గుండ్రంగా, కొలతకి సరిగ్గా ఉంది. కానీ రేకులు రెండూ ఆనుకోలేదు, రివిట్టు ఆ సందులోకి కూడా ఉబ్బి మధ్యలో ఉంగరంలా కూర్చుంది. అలాంటిది రేకుల్ని కలిపి ఉంచడం మాట అటుంచి, విడదీసి పట్టుకుంటుంది. డ్రిల్లుతో తీసి చూస్తే ఒకదాని దగ్గర కన్నం అంచున లేచిన పదును, దాన్నే బర్ర్ అంటారు, గీకకుండా వదిలేసింది, రెండో దాని దగ్గర డ్రిల్లు వేసినప్పుడు రాలిన సన్నటి అల్యూమినియం రజను రేకుల మధ్య ఇరుక్కుని ఉంది. కన్నాలన్నీ వేశాక రేకులు విడదీసి, రెండు వైపులా అంచులు గీకి, తుడిచి, మళ్ళీ పేర్చాలని పుస్తకంలో రాసే ఉంది. విడదీయడమంటే క్లీకోలన్నీ ఊడదీయడం. క్లీకో అంటే రివిట్టు వేసేదాకా కన్నంలో రేకుల్ని కలిపి పట్టుకునే స్ప్రింగు పిన్ను, 3/32 కి వెండి రంగు, 1/8 కి రాగి రంగు. అవి అరవై పెట్టి అరవై తీసి మళ్ళీ అరవై పెట్టాలంటే సాయంత్రం ఆరింటికి ఎవరికైనా బద్ధకమే. బద్ధకం నాదే, ఒప్పుకుంటున్నాను.

ఇక పైరేకుల మీద కొట్టే చదును రివిట్లది వేరే లోకం. ఒకసారి బీచ్ రోడ్డుకెళ్ళి టీయూ-142 మ్యూజియం దగ్గర విమానం పొట్ట కింద నిలబడి చూడండి. నేవీలో 1988 నుంచి 2017 దాకా ఎగిరిన విమానం అది. జనమంతా సెల్ఫీలు దిగుతుంటారు, మేం మాత్రం మెడలు పైకెత్తి రివిట్ల వరసలు చూస్తూ గంటన్నర గడిపాం, కాపలా మనిషికి అనుమానం కూడా వచ్చింది. చదును తల రేకులో కలిసి కూర్చోవాలంటే కన్నం చుట్టూ 100 డిగ్రీల గిన్నె ఆకారం కావాలి. మందం రేకు అయితే కోసి చేయొచ్చు, పల్చటి రేకు అయితే కోయకూడదు, రెండు అచ్చుల మధ్య నొక్కి గుంట పెట్టాలి. పల్చటి రేకుని తల లోతంతా కోస్తే కన్నం అంచు కత్తి వాదరలా మిగులుతుంది, పగులు పుట్టేది అక్కడే. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానానికి 24,000 అడుగుల ఎత్తులో ముందు భాగం పైకప్పు లేచిపోయింది. ఆ విమానంలో రేకుల అతుకు జిగురు ఊడి తుప్పు పట్టింది, బరువంతా రివిట్ల మీద పడింది, ఆ రివిట్ల కన్నాలు కత్తి వాదర అంచులతో ఉన్నాయి, ఏళ్ళ తరబడి ఉప్పుగాలిలో ఎగిరి ఎగిరి పక్కపక్క కన్నాల పగుళ్ళు కలిసిపోయాయి. అది వేల వేల ఎగురుళ్ళు చేసిన ప్రయాణికుల విమానం, మనది ఆదివారం విమానం, రెంటికీ పోలిక లేదు. అయినా సముద్రం పక్కన ఉండి అది చదివాక బావ లోపలి వైపు ప్రైమరు వేయడంలో మాత్రం ఎక్కడా కక్కుర్తి పడడం లేదు.

చదును తల రేకు మీద కాస్త లేచి నిలబడితే మళ్ళీ అందరూ గన్నునే తిడతారు. చాలాసార్లు గుంట పూర్తిగా పడకపోవడమే కారణం, అచ్చుల మధ్య సుత్తితో ఒక మెత్తటి దెబ్బ వేసి వదిలేసి ఉంటారు. కిటికీ వెలుతురు ఆ గుంట మీద పడేలా రేకుని వంచి చూస్తే తెలిసిపోతుంది: పూర్తిగా పడిన గుంట చుట్టూ వెలుగు గీత గట్టిగా గుండ్రంగా కనబడుతుంది, సగం పడినదాని చుట్టూ వెలుగు మెల్లిగా జారిపోతున్నట్టుంటుంది, రేకు కాస్త కుంగినట్టు. ఇది మాటల్లో చెప్పడం కష్టం. ఒక ముక్క మీద కావాలనే సగం దెబ్బా పూర్తి దెబ్బా పక్కపక్కన వేసి చూసుకుంటే ఒక్క నిమిషంలో కంటికి పట్టేస్తుంది.

సొట్టలు, గాట్లు మాత్రం నిజంగా చేతి తప్పులే. ఉబ్బు తల మీదనుంచి గన్ను మూతి జారితే నెలవంకలాంటి గాటు పడుతుంది, నొక్కి పట్టకపోవడమే కారణం. సొట్టకి కారణం ఎక్కువగా ఇద్దరి మధ్య మాట కుదరకపోవడం. డాలీ ఆనించకముందే గన్ను మోగినా, గన్ను ఆగకముందే డాలీ తీసినా, ఆ దెబ్బ తీసుకోవడానికి రేకు తప్ప ఎవరూ ఉండరు. లోపల ఉన్నవాడికి బయటివాడు కనబడడు, చెవులకి మూతలుంటాయి, "బావా ఆగు" అని అరిచినా వినబడదు. అందుకే తట్టడం మొదలుపెట్టాం. ఒకసారి తడితే ఇంకాస్త కొట్టమని, రెండుసార్లు తడితే బాగుందని, మూడుసార్లు తడితే తిట్టుకోవడానికి బయటికి రమ్మని.

చెడ్డ రివిట్టుని తీసెయ్యాలా వద్దా అన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. కొత్తవాళ్ళందరికీ తీసెయ్యాలనే ఉంటుంది, ఎందుకంటే కంటికి బాగోలేదు. నా అభిప్రాయం వేరు. కొలతకి ఒక వెంట్రుకవాసి తేడాగా ఉన్న రివిట్టుని తీయబోయి డ్రిల్లు జారి కన్నం పెద్దది చేసుకుంటే గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టే. రివిట్టు పది పైసల వస్తువు, కన్నం మాత్రం దూలంలో భాగం, దూలం మార్చాలంటే మళ్ళీ అమెరికా నుంచి రావాలి. బిళ్ళల్లా అయిన రెండింటినీ కొలిచాం. ఆ చోట్ల తోక ఒక పిసరు తక్కువ పడి ఉంటుంది, ముందే కొలిస్తే తెలిసేది. ఎత్తు కొంచెం తక్కువే, కిట్టు కంపెనీ ఒప్పుకునే హద్దులోనే ఉంది, పగుళ్ళు లేవు. వదిలేశాం. బావకి ఇప్పటికీ అటు చూసినప్పుడల్లా నిద్ర పట్టదట, అది వేరే సంగతి.

తీయాల్సినవి మాత్రం తీయాలి, దానికి ఓపిక కావాలి. తల మధ్యలో ఉన్న ఆ చిన్న గుంట ఇక్కడ దేవుడిలా ఆదుకుంటుంది, బిట్టుని అందులో పెట్టి మొదట చేత్తోనే రెండు చుట్లు తిప్పి, తరవాత డ్రిల్లుతో తల లోతు వరకే వెళ్ళి ఆగాలి. కన్నంలోకి అసలు పోకూడదు. ఆ గుంటలో సరిపడే ఇనుప పిన్ను పెట్టి పక్కకి వంచితే తల టక్కున ఊడుతుంది. తరవాత వెనక రేకుకి చెక్క ఆనించి, పిన్నుతో మెల్లిగా తడితే తోక వెనక్కి రాలుతుంది. వెనక ఆనింపు లేకుండా సుత్తితో ఒక్కటి పీకితే రివిట్టు వస్తుంది, దాంతోపాటు రేకులో సొట్ట కూడా వస్తుంది.

సందు ఉన్న రెండింటినీ అలా తీసి, శుభ్రం చేసి, అదే కొలత రివిట్లు వేశాం. మూడున్నర బిట్టు మింగిన నాలుగు కన్నాల దగ్గర ఆ వీల్లేదు, పై సైజుకి పోవాలి, అంటే 5/32, దాదాపు 4 మిల్లీమీటర్లు. పై సైజంటే లావు రివిట్టు దూర్చేయడమే అనుకుంటారు. కన్నం మధ్యనుంచి రేకు అంచు దాకా రివిట్టు మందానికి రెండు రెట్లయినా ఉండాలి, అంటే మాకు 8 మిల్లీమీటర్లు. కొలిస్తే నాలుగు చోట్లా 10కి తగ్గలేదు, బతికిపోయాం. చదును రివిట్ల విషయంలో ఇలా జరిగితే ఎన్ఏఎస్1097 అని ఒక రకం ఉంది, మందం పై సైజుది, తల కింది సైజుది, పాత గుంటలోనే సరిపోతుంది. అమెరికాలో కట్టేవాళ్ళు ముద్దుగా దాన్ని ఊప్స్ రివిట్ అంటారు.

ఏ మార్పయినా చేసేముందు కిట్టు కంపెనీకి ఫొటోతో రాసి అడగాలని మావయ్య పట్టుబట్టారు, బావకి నామోషీ. అప్పుడు ఆయన జపాన్ విమానం సంగతి చెప్పారు. 1978లో ఒసాకాలో తోక నేలకి రాసుకున్న 747 విమానానికి, లోపలి గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడ రిపేరు చేశారు. రెండు వరసల రివిట్లని కలిపి పట్టుకోవాల్సిన పలకని రెండు ముక్కలుగా వేయడంతో, బరువు మోసేది ఒక్క వరసే అయింది. ఏడేళ్ళు ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలి 520 మంది పోయారు, నలుగురు బతికారు. "రివిట్లు బాగానే కొట్టార్రా ఆళ్ళు. ఎక్కడ కొట్టాలో అదే తప్పు" అన్నారు మావయ్య. బావ ఆ రాత్రే ఉత్తరం రాశాడు. నాలుగింటికీ 5/32 వేసుకోవచ్చని మూడోరోజు జవాబు వచ్చింది, బావ దాన్ని ప్రింటు తీసి లాగ్‌బుక్కులో అంటించాడు.

ఇప్పుడు అడ్డంగా ఉండే రెక్క నడుస్తోంది. రాత్రి 8 దాటాక గన్ను మోగితే ఊరుకోనని పక్కింటి ఆంటీ గట్టిగా చెప్పేసింది, వాళ్ళబ్బాయికి ఇంటర్ పరీక్షలు. అందుకని ఎనిమిదింటికి కంప్రెసర్ ఆపి ట్యాంకులో నీళ్ళు వదిలేసి, క్లీకోలన్నీ ఊడదీసి, ఇద్దరం చెరో రేకూ ఒళ్ళో పెట్టుకుని పదిన్నర దాకా కన్నాల అంచులు గీక్కుంటూ కూర్చుంటున్నాం.